గ్రాఫులో ‘ఇ’ అక్షరం: పాలలోని క్రిముల లెక్క చదవడం ఎలా?

పాల నమూనాల పరీక్షా ఫలితాలను కంప్యూటరులో గ్రాఫుగా గీసినప్పుడు, నిలువు గీత పక్కన 1.0ఇ+05, 1.6ఇ+06 వంటి అంకెలు కనబడడం కద్దు. తెరమీద ఈ ‘ఇ’ ఇంగ్లీషు అక్షరంగా ఉంటుంది. దీనిని సరిగా చదవడం ప్రతి సంఘ సభ్యునికీ అవసరమని భావించి ఈ వివరాలు అందిస్తున్నాము.

‘ఇ’ తరువాతి అంకె, ముందున్న సంఖ్యను ఎన్నిసార్లు పదితో హెచ్చించాలో చెబుతుంది. మన భాషలో వీటికి పేర్లు ముందునుంచీ ఉన్నవే. ఇ+03 అంటే వేలు, ఇ+05 అంటే లక్షలు, ఇ+06 అంటే పది లక్షలు, ఇ+07 అంటే కోట్లు. మన కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. కంప్యూటరు దానినే 1.3ఇ+06 అని రాస్తుంది.

పాల విషయంలో దీని ప్రాముఖ్యం

భారతీయ ప్రమాణాల ప్రకారం పచ్చిపాలలో మిల్లీలీటరుకు క్రిముల సంఖ్య 2 లక్షలు (2.0ఇ+05) మించకుంటే చాలా మంచి పాలు. 2 నుంచి 10 లక్షల వరకు మంచివి. 10 నుంచి 50 లక్షల వరకు ఓ మోస్తరువి. 50 లక్షలు (5.0ఇ+06) దాటితే నాసిరకం.

పితికిన పాలలో మిల్లీలీటరుకు లక్ష క్రిములున్నాయనుకుందాం. వేసవి ఉక్కలో అవి అరగంటకొకసారి రెట్టింపయితే, రెండు గంటలకు 16 లక్షలవుతాయి. గ్రాఫులో ఇది 1.0ఇ+05 నుంచి 1.6ఇ+06కు మారుతుంది. ముందరి అంకె మాత్రమే చూసినవారు “ఒకటి ఒకటిన్నర అయింది, అంతేగదా” అనుకుంటారు. నిజానికి పాలు మొదటి తరగతి నుంచి మూడవ తరగతికి పడిపోయాయి! అలాగే 9.0ఇ+04 కన్న 2.0ఇ+05 ఎక్కువ. మొదటిది 90 వేలు, రెండవది 2 లక్షలు. కనుక ముందుగా ‘ఇ’ తరువాతి అంకెను, ఆ తరువాతనే ముందరి అంకెను చూడాలి.

గ్రాఫు తయారుచేసే కార్యదర్శులకు

ఎక్సెల్‌లో గ్రాఫు నిలువు గీతపై మౌసు కుడి బటను నొక్కి ‘ఫార్మాట్ యాక్సిస్’ తెరవాలి. అందులో ‘నంబర్’ కింద ‘సైంటిఫిక్’ ఎంచి, దశాంశ స్థానం 1 అని ఇవ్వాలి. ‘లింక్డ్ టు సోర్స్’ వద్ద టిక్కు ఉన్నంతవరకు నిలువు గీత పట్టికలోని గడుల రూపాన్నే అనుసరిస్తుంది. కాబట్టి ఆ టిక్కు తీసివేయాలి.

వేలూ, లక్షలూ, కోట్లూ ఒకే గ్రాఫులో చూపవలసివస్తే చిన్న సంఖ్యలు అడుగున అణగిపోతాయి. అప్పుడు ‘లాగరిథమిక్ స్కేల్’ వద్ద టిక్కు పెట్టాలి. ఇందులో ఒక్కొక్క మెట్టు పదిరెట్లు. అయితే ఈ పద్ధతిలో సున్నాకు చోటు లేదు. పైగా గీతలో చిన్న ఎత్తు కూడా పెద్ద తేడాయే. ఆ సంగతి గ్రాఫు కింద తెలుగులో రాయాలి. 2 లక్షలు, 10 లక్షలు, 50 లక్షల వద్ద అడ్డగీతలు గీసి తరగతుల పేర్లు వేస్తే అందరికీ సుబోధకంగా ఉంటుంది.

సభ్యులకు మనవి

మచిలీపట్నం, గుడివాడ ప్రాంతాలైనా, దివిసీమలోని మారుమూల గ్రామాలైనా పాలకు వేడి, ఆలస్యం రెండూ శత్రువులే. పొదుగు శుభ్రంగా కడిగి, ఆరిన పాత్రలో పితికి, పాలను వెంటనే సంఘానికి చేర్చండి. 4 డిగ్రీలకు చల్లబరచిన పాలలో క్రిముల పెరుగుదల బాగా మందగిస్తుంది. అయితే అప్పటికే పెరిగిన క్రిములు చల్లదనంతో పోవు. అందుచేత చల్లబరచడానికి ముందు గడిచే ప్రతి అరగంటా విలువైనదే.

మీ సంఘం గోడపై గ్రాఫు ఉంటే, ‘ఇ’ తరువాతి అంకె 5 దగ్గర ఉందో, 6కు చేరిందో ఈసారి తప్పక చూడండి. 6కు చేరితే పది లక్షలు దాటినట్టే. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో సంఘ సమావేశంలో అడగండి.