మూడు నిమిషముల పాట : సాలూరి రాజేశ్వరరావు

పాట యనగా మన గ్రామములందు తీరికగా సాగు వస్తువు. హరికథకుడు చిడతలు చేతబట్టి ప్రొద్దుగ్రుంకిన పిమ్మట నిలిచెనా, వేకువజాము వరకు కథ నడచును. తప్పెటగుళ్ల దళమువారు రొమ్మున తప్పెట కట్టుకొని ఆడ మొదలిడినచో, ఊరిలోని పసిబిడ్డలు ఒక కునుకు తీసి మరల మేల్కొనువరకు ఆ ఆట ఆగదు. జముకుల కథయు అట్టిదే. వినువారికి తొందర లేదు. పాడువారికి గడియారముతో పని లేదు. ఇట్టి సీమలో పుట్టిన యొక బాలుడు, గడియారమునకు కట్టుబడి 3 నిమిషములలో ముగింపవలసిన పాటకు తన జీవితమును ధారపోసి, దానిని తెలుగువారి ఇంటింటి పాటగా చేసెను. ఆయనయే సాలూరి రాజేశ్వరరావు. ఆయన చేసిన పని యెట్టిది, దానిని యెట్లు చేసెను, ఆ పని చేయువారికి దక్కవలసిన పేరును ఫలమును ఎంతవరకు దక్కినవి అను మూడు సంగతులను ఈ ప్రసంగమున మనవి చేసెదను.

రాజేశ్వరరావు 1922 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీన సాలూరు చేరువనున్న శివరామపురమున జన్మించెను. అప్పుడది విశాఖపట్టణము జిల్లా. 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడినప్పుడు సాలూరు అందు చేరినది. 1979లో విజయనగరము జిల్లాకు, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాకు మారినది. కావున ఆయన మావాడని చెప్పుకొనుటకు ఈ సీమలోని యే జిల్లావారికైనను హక్కు కలదు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, పాటలు వ్రాయుటయందును నేర్పరి. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి ఫిడేలుకు ప్రక్కవాద్యము వాయించినవాడు. అన్న హనుమంతరావు సైతము పిమ్మట సినిమాలకు సంగీతము కూర్చెను. అక్షరములకంటె ముందుగా తాళము చెవినిబడిన ఇల్లు అది.

ఇంటికి తోడు ఊరు, ఊరికి తోడు సీమ. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరమున సంగీత కళాశాలను నెలకొల్పెను. బొబ్బిలికి చేరువనున్న అజ్జాడలో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. 1936లో ఆ పీఠము ద్వారమువారికి సంక్రమించెను. సాలూరు చిన్న గురువుగారని పేరొందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు అచ్చట గాత్రము నేర్పిరి. కృష్ణా జిల్లానుండి చదువుకొరకు వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు వారి శిష్యుడే. ఆ విజయనగరముననే 1935లో పి. సుశీల జన్మించెను. పిమ్మటి దినములలో మదరాసున రాజేశ్వరరావు కూర్చిన బాణీలను ఘంటసాల, సుశీల పాడినప్పుడు, బాణీయు గళమును ఒకే నేలలో వేరూనినవని వినువారిలో ఎందరెరుగుదురు?

బాల్యముననే ఆయన కంఠము పలువురి చెవినిబడినది. 1933-34 ప్రాంతమున హచ్చిన్సు గ్రామఫోను కంపెనీవారు ఆయనను బెంగుళూరికి రప్పించి పాటలను రికార్డు చేసిరి. 1935లో వెలువడిన 'శ్రీకృష్ణలీలలు' చిత్రమున ఆయన బాలకృష్ణుడు. ఆ చిత్రమున కంసుడు వేమూరి గగ్గయ్య. 1936లో వచ్చిన 'శశిరేఖా పరిణయము'న అభిమన్యుడు. ఆ పిమ్మట నటనపనిమీద కలకత్తాకు పోయి, న్యూ థియేటర్సువారి సంగీతమును దగ్గరగా వినెను. ఆర్. సి. బోరాల్, పంకజ్ మల్లిక్, సైగల్ మున్నగువారు ఆనాడచ్చట క్రొత్త త్రోవ తీయుచుండిరి. బిగ్గరగా పాడక, చెంతనున్నవానితో మాటాడినట్లు పాడుట ఆ త్రోవలోని కీలకము. సాలూరి బాలుడు దానిని పట్టుకొని మదరాసునకు మరలివచ్చెను.

ఆ కీలకము తెలియవలెనన్న గ్రామఫోను పలక యెట్టిదో కొంత తెలిసికొనవలెను. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై పురుగులు కట్టు లక్కను మనమెరుగుదుము. ఆ లక్కను రాతిపొడితోను, నల్లరంగుతోను కలిపి వేడిచేసి అచ్చునొత్తగా ఆ నల్లని పలక యగును. అది నిమిషమునకు 78 సారులు తిరుగును. 10 అంగుళముల పలకపై ఒక ప్రక్క పట్టునది సుమారు 3 నిమిషముల పాట మాత్రమే. ముల్లు నడిమికి చేరినచో పాట ముగియవలసినదే. విద్వాంసుడెంతటివాడైనను అర నిమిషము గడువు దొరకదు. అంతియేకాదు. ఆ దినములలో పాడువారును వాయించువారును ఒక్కసారిగా కూడి మైనపు పలకపై ముద్రింపవలసియుండెను. ఒకరు తప్పినచో ఆ పలక పనికిరాదు. అందరును మొదటినుండి మరల ఆరంభింపవలెను.

1925 ప్రాంతమున విద్యుత్తుతో ముద్రించు పద్ధతి వచ్చి, మైక్రోఫోను ప్రవేశించినది. అంతకుముందు గొట్టములో గొంతెత్తి పాడవలసినవారు ఇపుడు మెల్లగా పాడవచ్చును. ఊపిరి సైతము వినవచ్చును. రంగస్థలముపై చివరివరుసకు వినిపించుటకై పద్యమును సాగదీసి పాడిన కాలమది. రాజేశ్వరరావు ఈ క్రొత్త యంత్రము గుణమును గ్రహించెను. మైకు ముందు కేక యక్కరలేదు, సంగతుల వరద యక్కరలేదు. మాట మాటగా వినబడవలెను, ఆ మాటలోని భావము రాగముగా కరగవలెను. ఆయన పాటకు మూలసూత్రమిదియే యని చెప్పవచ్చును.

1940లో గూడవల్లి రామబ్రహ్మము తీసిన 'ఇల్లాలు' చిత్రమున ఆయన సంగీతము కూర్చి తానును నటించెను. రావు బాలసరస్వతీదేవి అందే నటించి పాడినది. ఆ యిరువురును కలసియు విడివిడిగాను హిజ్ మాస్టర్సు వాయిస్ కంపెనీకి పాడిన పాటలు సినిమాకు చెందనివి, నాటకమునకు చెందనివి, కచేరీకిని చెందనివి. 'తుమ్మెదా ఒకసారి', 'కోపమేల రాధా' అనునవి అట్టివి. వీనికి లలితగీతములని పేరు స్థిరపడినది. పిమ్మట రేడియో కేంద్రములలో లలిత సంగీతమునకు ప్రత్యేకముగా వేళ కేటాయింపబడినదన్న, అందుకు పునాదిరాళ్లలో ఈ రికార్డులు ముఖ్యమైనవి.

మూడు నిమిషముల పాటను కూర్చువాని పని యేమి? కృతియందు పల్లవి, అనుపల్లవి, చరణము కలవు. ముందు ఆలాపన, పిమ్మట స్వరకల్పన. విద్వాంసుడు రాగమును కొంచెము కొంచెముగా విప్పును. రికార్డునందు ఆ తీరిక లేదు. మొదటి పదమునందే రాగముఖము తోచవలెను. పల్లవికిని చరణమునకును నడుమ వేణువో, సితారో, ఫిడేళ్లో పలుకు చిన్న ముక్కను బాణీకర్తయే ముందుగా కట్టియుంచవలెను. అది చెవికి విశ్రాంతి నియ్యవలెను, కథను ముందుకు నడుపవలెను. కవి మాటలో దీర్ఘమున్నచోట స్వరము నిలువవలెను, హ్రస్వమున్నచోట సాగరాదు. సాగినచో తెలుగు తెలుగుగా నుండదు. ఇన్నియు కుదిరిన పిమ్మటనే గాయకునికి నేర్పి, వాద్యబృందమును సమకూర్చి, ముద్రణకు పోవుట. పాడువాని గొంతు మాత్రమే మనకు వినబడును. దాని వెనుకనున్న ఈ శ్రమ వినబడదు.

జెమినీ స్టూడియోలో రాజేశ్వరరావు ఈ పనిని పెద్దయెత్తున సాగించెను. 1942లో 'బాలనాగమ్మ', 1948లో 'చంద్రలేఖ'. ఎస్. ఎస్. వాసన్ తీసిన యీ రెండవ చిత్రమునందలి పెద్ద డోళ్ల నృత్యము నేటికిని ప్రసిద్ధము. కర్ణాటక, హిందూస్తానీ బాణీలతోపాటు పడమటి దేశపు వాద్యములును అందు కూడినవి. 1951లో బి. ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' వెలువడినది. మాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివి. సంగీతమున అద్దేపల్లి రామారావు తోడ్పడెను. పాడినవారు భానుమతి, ఘంటసాల. అందు ఎడ్లబండిపై పాట వచ్చుచోట గిత్తల పరుగు తాళముగా వినబడును. ఏకాంతమున పాడు పాట వచ్చుచోట అదే వాద్యబృందము గుసగుసలాడినట్లు తగ్గును. కృష్ణశాస్త్రి మాటలలో ఒక్కటైనను వాద్యముల హోరులో మునుగదు. కవిని ముందు నిలిపి, తాను వెనుక నడచుట ఈ చిత్రమున స్పష్టముగా కాననగును.

మరియొక చిత్రమును మన సీమవారు ప్రత్యేకముగా తలపవలెను. 1757 నాటి బొబ్బిలి యుద్ధమును మన పెద్దలు రాత్రి పొడవున కథకుల నోట విన్నవారే. 1964లో ఆ కథ 'బొబ్బిలి యుద్ధం' అను చిత్రముగా వచ్చినది. దానికి సంగీతము కూర్చినవాడు పొరుగున సాలూరునుండి వెడలిన రాజేశ్వరరావు. తంబూరమీటుపై తెల్లవారువరకు సాగిన గాథ, మూడు నాలుగు నిమిషముల పాటలుగా మారి మరల ఆ యూళ్లకే వచ్చినది.

ఇచ్చట పెద్దలు కొందరు ఒక ఆక్షేపణ చేయుదురు. ఇది కల్తీ సంగీతము, ఇరుగుపొరుగులనుండి ఎరువుతెచ్చినది, త్యాగరాజస్వామి మార్గమున నిలువదగినది కాదు అని. ఆక్షేపణలో కొంత నిజమున్నది. ఎరువు తెచ్చుకొనుట ఆయన దాచలేదు. వంగదేశపు పోకడలు, హిందూస్తానీ రాగములు, పాశ్చాత్యుల నడకలు ఆయన పాటలలో నున్నవి. అయితే ఎరువు తెచ్చినవాడు దానిని ఏమి చేసెనన్నదే చూడదగినది. 1954 నాటి 'విప్రనారాయణ'యందు గాని, 1961 నాటి 'భక్త జయదేవ'యందు గాని భక్తి యెచ్చటను పలుచబడలేదు. తీసికొనుటయే గాక ఇచ్చుటయు కలదు. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'కు ఆయన కూర్చిన 'బృందావనమది' అను పాటను ఏ. ఎం. రాజా, సుశీల పాడిరి. ఆ కథయే 1957లో హిందీలో 'మిస్ మేరీ'గా తీయబడినప్పుడు సంగీత దర్శకుడు హేమంత్ కుమార్. అయినను ఆ పాటకు మాత్రము రాజేశ్వరరావు బాణీయే నిలిచినది. ఉత్తరాదివారు మన బాణీని పాడుకొనిరి. కృతి మార్గము వేరు, లలితగీతము మార్గము వేరు. మొదటిది రాగమునకు మాటను తోడుచేయును. రెండవది మాటకు రాగమును తోడుచేయును. ఒకదాని కొలతతో రెండవదానిని కొలుచుట తగదు.

ఇక పేరును ఫలమును గూర్చి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అను గాయని పాడినప్పుడు, పాట చివర తన పేరు తానే చెప్పుకొనినది. పలకకు చీటి అంటించువారికి పాడినవారెవరో తెలియవలెను గదా! ఆ వాడుక పిమ్మట పోయినను, గాయకుని పేరు మాత్రమే జనుల నోట నిలుచుట పోలేదు. సినిమాపాటయైనచో తెరపై పెదవి కదిపిన నటునిదే ఆ పాట యగును. బాణీ కట్టినవాడు మూడవవాడు.

సొమ్ము సంగతియు నంతే. నిర్మాత కొంత మొత్తము చెల్లించి బాణీ కట్టించుకొనుట సినిమాలోకపు వాడుక. వేరు ఒప్పందము లేనియెడల అట్టి బాణీకి నిర్మాతయే మొదటి హక్కుదారుడని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కౌలురైతు చెట్టునాటి నీరుపోసి పెంచగా, కాపంతయు భూస్వామి యింటికి చేరుట వంటిది ఇది. 2012లో పార్లమెంటు కాపీరైటు చట్టమును సవరించి, సినిమాహాలులో చిత్రముతోడి ప్రదర్శన గాక పాట ఇతరవిధముల వాడబడినప్పుడు వచ్చు ప్రతిఫలమున కవికిని సంగీతకర్తకును సమభాగమిచ్చినది. ఆ భాగమును వారు కంపెనీలకు వదలుకొనుటకు వీలులేదని కట్టడి చేసినది. అప్పటికి రాజేశ్వరరావు గతించి 13 ఏండ్లు. ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదమిచ్చినది. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారము లభించినది. 1999 అక్టోబరులో ఆయన కన్నుమూసెను. కుమారుడు కోటి ఆ వృత్తినే చేపట్టి పేరుగాంచెను.

చట్టము సొమ్మును పంచగలదు గాని పేరును నిలుపలేదు. పేరు నిలుపుట వినువారి పని. మన యూళ్లలో పాఠశాల వార్షికోత్సవములందు, పెండ్లిపందిళ్లయందు ఆ పాత పాటలు నేటికిని వినబడుచునే యున్నవి. పిల్ల పాడినప్పుడు 'ఎవరి పాట యిది?' యని పెద్దలడిగిన, నటుని పేరో గాయకుని పేరో చెప్పును. 'బాణీ యెవరిది?' యని మరియొక ప్రశ్న వేయుడు. సాలూరి రాజేశ్వరరావుది యని బిడ్డ నోట వచ్చినచో, మన సీమ తన బిడ్డకు పడియున్న అప్పులో కొంత తీరినట్లే.