రెండు చెవులు - మూడో నాదం

జోలపాట వింటూ పసిపాప నిద్రలోకి జారుకుంటుంది. భజనలో తాళం వేగం పెరిగేకొద్దీ భక్తుల ఒళ్లు పులకరిస్తుంది. నాట్లు వేసే కూలీలకు పాట అలసటను మరపిస్తుంది. శబ్దానికీ మనస్సుకూ గల ఈ సంబంధం మానవజాతికి అనాదిగా అనుభవంలో ఉన్నదే. ఆధునిక కాలంలో ఆ అనుభవానికి ఒక కొత్త రూపం వచ్చింది. చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని కొన్ని ప్రత్యేక ధ్వనులను వింటే కొద్ది నిమిషాలలో ఏకాగ్రత కుదురుతుందనీ, ఆందోళన తొలగుతుందనీ, గాఢనిద్ర పడుతుందనీ ప్రచారం జరుగుతున్నది. ఈ ధ్వనులకు 'బైనారల్ బీట్స్' అని పేరు. పరీక్షల ఒత్తిడిలో ఉన్న విద్యార్థులను ఈ ప్రచారం సులభంగా ఆకర్షిస్తుంది. ఇందులో సత్యమెంత, ఆశ ఎంత అన్నది విచారించవలసిన విషయం.

మెదడులోని నాడీకణాలు విద్యుత్ సంకేతాల ద్వారా పరస్పరం సంభాషించుకుంటాయి. అసంఖ్యాకమైన కణాలు ఒక లయలో పనిచేసినప్పుడు పుట్టే సూక్ష్మ విద్యుత్ తరంగాలను తలపై అమర్చిన పలకల ద్వారా గుర్తించవచ్చు. 1924లో జర్మనీలోని జేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మనోరోగ వైద్యుడు మానవుని మెదడు తరంగాలను తొలిసారిగా నమోదు చేసి, 1929లో ఆ ఫలితాలను ప్రకటించాడు. ఈ తరంగాలను పౌనఃపున్యాన్ని బట్టి విభజిస్తారు. గాఢనిద్రలో 4 హెర్ట్జ్‌ల లోపు డెల్టా తరంగాలు, మగత స్థితిలో 4 నుంచి 8 హెర్ట్జ్‌ల థీటా తరంగాలు, కళ్లు మూసుకొని విశ్రాంతిగా ఉన్నప్పుడు 8 నుంచి 13 హెర్ట్జ్‌ల ఆల్ఫా తరంగాలు, చురుకుగా ఉన్నప్పుడు 13 నుంచి 30 హెర్ట్జ్‌ల బీటా తరంగాలు ప్రముఖంగా కనిపిస్తాయి. అంతకు మించినవి గామా తరంగాలు.

ఇక శబ్దం సంగతి. దాదాపు సమానమైన పౌనఃపున్యాలు గల రెండు శ్రుతిదండాలను ఒకేసారి మోగిస్తే ధ్వని పెరుగుతూ తరుగుతూ వినిపిస్తుంది. భౌతిక శాస్త్రంలో వీటినే విస్పందనాలు అంటారు. తంబురా శ్రుతి చేసే విద్వాంసుడు తీగను బిగిస్తూ, సడలిస్తూ ఈ కదలిక మాయమయ్యే దాకా చెవి ఒగ్గి వింటాడు. ఈ విస్పందనాలు గాలిలోనే ఏర్పడతాయి. కాని ఒక స్వరాన్ని ఎడమ చెవికీ, మరొక స్వరాన్ని కుడి చెవికీ విడివిడిగా వినిపిస్తే ఏమవుతుంది? అవి గాలిలో కలిసే అవకాశం లేదు. అయినా శ్రోతకు ఆ కదలిక వినిపిస్తుంది! ఈ వింతను 1840 ప్రాంతంలో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హైన్‌రిఖ్ విల్‌హెల్మ్ డోవే గుర్తించాడు.

ఎడమ చెవికి 400 హెర్ట్జ్‌ల స్వరం, కుడి చెవికి 410 హెర్ట్జ్‌ల స్వరం వినిపించామనుకొందాం. సెకనుకు 10 మార్లు ఊగే మూడో నాదం ఒకటి తలలో పుట్టినట్లు అనిపిస్తుంది. రెండు చెవుల సమాచారం మెదడు కాండంలో కలుస్తుంది. శబ్దం ఏ దిక్కునుంచి వస్తున్నదో తెలుసుకోవడానికి అక్కడి కణాలు రెండు సంకేతాల మధ్య గల స్వల్ప కాలభేదాన్ని లెక్కిస్తాయి. ఆ లెక్కకు ఉపఫలమే ఈ నాదం. స్వరాలు సుమారు 1000 హెర్ట్జ్‌లు మించితే ఇది అనుభూతికి రాదు. రెండింటి భేదం సుమారు 30 హెర్ట్జ్‌లు దాటితే రెండు వేర్వేరు స్వరాలుగానే వినిపిస్తాయి. 1973లో గెరాల్డ్ ఆస్టర్ అనే శాస్త్రవేత్త సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వ్రాసిన వ్యాసంతో ఈ విషయం లోకానికి విస్తృతంగా తెలిసింది.

మానవుని చెవి సుమారు 20 హెర్ట్జ్‌ల కంటే తక్కువ ధ్వనిని వినలేదు. మెదడు తరంగాలలో అధికభాగం అంతకన్నా తక్కువ పౌనఃపున్యం గలవి. కనుక ఈ మూడో నాదంతో మెదడును కోరిన లయలోకి నడిపించవచ్చునన్న ఆలోచన పుట్టింది. ఒక లయ మరొక లయను తనతో కలుపుకోవడం ప్రకృతిలో ఉన్నదే. ఒకే దూలానికి వేలాడదీసిన రెండు గడియారాల లోలకాలు క్రమంగా ఒకే లయకు రావడాన్ని 1665లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ గమనించాడు. మెదడు తరంగాలు కూడా అలాగే బయటి లయను అనుసరిస్తాయన్న భావనతో అమెరికాలో రేడియో రంగానికి చెందిన రాబర్ట్ మన్రో 1975లో ఇటువంటి పద్ధతికి పేటెంటు పొందాడు.

ఇక్కడ ఒక తర్కాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని మన తార్కికులు చెప్పారు. అంతమాత్రాన ఎక్కడినుంచో పొగను తెచ్చి పొయ్యిలో నింపితే అన్నం ఉడుకుతుందా? విశ్రాంతిగా ఉన్న మెదడులో ఆల్ఫా తరంగాలు కనిపిస్తాయన్నది సత్యం. కాని ఆల్ఫా లయను వినిపిస్తే విశ్రాంతి కలుగుతుందన్నది వేరే ప్రతిపాదన. దానికి వేరుగా నిరూపణ కావాలి.

ఆ నిరూపణ ఇంతవరకు అరకొరగానే ఉన్నది. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో శస్త్రచికిత్సకు ముందు ఈ ధ్వనులు విన్నవారి ఆందోళన 26.3 శాతం తగ్గింది. ఈ ధ్వనులు లేని అదే సంగీతాన్ని విన్నవారిలో 11.1 శాతం, ఏమీ విననివారిలో 3.8 శాతం తగ్గింది. 2019లో 22 అధ్యయనాలను క్రోడీకరించిన మరొక పరిశీలన కూడా కొంత ప్రయోజనం ఉన్నదని తేల్చింది. అయితే, మెదడు తరంగాలు నిజంగా ఆ లయను అనుసరిస్తున్నాయా అని 2023లో 14 అధ్యయనాలను సమీక్షించగా 5 మాత్రమే ఔనన్నాయి, 8 కాదన్నాయి, ఒకటి ఎటూ తేల్చలేదు. అదే సంవత్సరం పోలండు పరిశోధకులు వేయిమందిపై జరిపిన ప్రయోగ ఫలితం మరింత ఆలోచింపజేస్తుంది. ఇంటివద్ద ఈ ధ్వనులు వింటూ బుద్ధిపరీక్షకు కూర్చున్నవారి ఫలితాలు మెరుగుపడకపోగా క్షీణించాయి.

ఈ ధ్వనులు మాదకద్రవ్యాల వలె మత్తు కలిగిస్తాయని 2010 ప్రాంతంలో అమెరికాలో కొంత అలజడి రేగింది. దానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అతిశయోక్తి ఆశలోనే కాదు, భయంలోనూ ఉంటుంది. అయినా కొన్ని జాగ్రత్తలు అవసరం. ఎంతటి మధుర ధ్వనియైనా బిగ్గరగా, గంటల తరబడి వింటే వినికిడి దెబ్బతింటుంది. 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. వాహనం నడిపేటప్పుడు ఇయర్‌ఫోన్లు తగవు. ఈ ధ్వనులతో పాటు మినుకుమినుకుమనే దీపాలను చూపే పరికరాలు మూర్ఛవ్యాధి ఉన్నవారికి ప్రమాదకరం. 1997లో జపానులో ఒక కార్టూన్ కార్యక్రమంలో వెలుగులు వేగంగా మెరిసినందువల్ల వందలాది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. దీర్ఘకాలంగా నిద్రలేమితోగాని, దిగులుతోగాని బాధపడేవారు ఈ ధ్వనులను నమ్ముకొని వైద్యుని వద్దకు వెళ్లడం మానుకోరాదు.

మూడో నాదం వినిపించడం యథార్థం. దానివల్ల కొందరికి హాయి కలగడమూ యథార్థమే. కాని మెదడు తాళంచెవి దానిలో ఉన్నదన్న మాట ఇంకా నిరూపితం కాలేదు. పరీక్ష ముందురాత్రి ఆ ధ్వనులకై వెచ్చించే గంట నిద్రకు కేటాయిస్తే, చదివిన విషయం జ్ఞాపకంలో స్థిరపడుతుందన్నది మాత్రం శాస్త్రం దృఢంగా చెబుతున్న మాట. చెవికి ఇంపైన ప్రతి నాదాన్నీ విననక్కరలేదని ఎవరూ అనరు. వింటూనే, ఆ వెంట వచ్చే ప్రతి మాటనూ తర్కించి స్వీకరించడం విద్యావంతుని లక్షణం.