కోతకు ముందు ఆగే రోజులు ఎవరి కోసం?

కూరగాయల మీద మందు కొట్టాక ఎన్ని రోజులకు కోయాలో డబ్బా లేబుల్ మీద రాసి ఉంటుంది. క్లోరాంట్రానిలిప్రోల్ మందునే చూడండి: టమాటాకు 3 రోజులు, వంకాయకు 22 రోజులు. ఈ లెక్క ఎలా కడతారో తెలిస్తే, అందులో ఎవరున్నారో, ఎవరు లేరో కూడా తెలుస్తుంది.

ప్రయోగానికి కొన్ని మళ్లు ఎంచుకుంటారు. ఒకదానిలో సిఫారసు చేసిన మోతాదు, ఇంకోదానిలో దానికి రెట్టింపు కొడతారు. పోల్చి చూడటానికి ఒక మడిని వదిలేస్తారు. మందు కొట్టిన సుమారు రెండు గంటలకు తీసే కాయలు 'సున్నా రోజు' నమూనా. ఆ తర్వాత 1, 3, 5, 7, 10 రోజులకు మళ్లీ కోస్తారు. కాయల్ని మెత్తగా రుబ్బి, అసిటోనైట్రైల్ పోసి కుదిపి, మెగ్నీషియం సల్ఫేట్‌తో నీటిని లాగేస్తారు. 2003లో వచ్చిన ఈ పద్ధతి పేరు క్వెచర్స్. మిగిలిన పని క్రొమటోగ్రఫీ యంత్రానిది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఇలాంటి ప్రయోగశాల ఉంది.

లెక్కను ఊహించిన అంకెలతో చూద్దాం. మొదటి రోజు కిలో కాయలో 2 మిల్లీగ్రాముల మందు ఉంది, ప్రతి రెండు రోజులకూ అది సగమవుతోంది అనుకుందాం. రెండో రోజుకు 1, నాలుగో రోజుకు 0.5, ఆరో రోజుకు 0.25. ఆహార భద్రతా సంస్థ పెట్టిన పరిమితి 0.3 అయితే ఆరు రోజులు ఆగాలి. అంతే. మొదట ఎంత పడింది, ఎంత వేగంగా తగ్గుతోంది, పరిమితి ఎంత అనే మూడింటిని బట్టి పంటకో లెక్క వస్తుంది.

కానీ 'తగ్గడం' అంటే ప్రతిసారీ మందు విరిగిపోవడం కాదు. లేత బెండకాయ రెండు రోజుల్లో బాగా పెరుగుతుంది. మందు అంతే ఉన్నా కాయ బరువు పెరిగింది కాబట్టి కిలోకు లెక్క తగ్గుతుంది. పెరగడం ఆగిన ముదురు ఆకు మీద ఈ వెసులుబాటు లేదు. పైగా విరిగిన ముక్క అసలు మందు కన్నా ప్రమాదం కావచ్చు. ఎసిఫేట్ విరిగి మెథామిడోఫాస్ అవుతుంది. అసలు మందును మాత్రమే కొలిస్తే గ్రాఫ్ చక్కగా కిందికి దిగుతూ కనిపిస్తుంది, విషం మాత్రం పేరు మార్చుకుని అక్కడే ఉంటుంది.

ఈ కొలతంతా కాయ లోపలిది, తినేవాళ్ల కోసం. కోసేవాళ్ల చేతికి తగిలేది ఆకు, కాడ. బెండ రోజు విడిచి రోజు కోతకు వస్తుంది. ఐదు రోజులు ఆగితే రెండు కోతలు ముదిరిపోతాయి. అప్పుల్లో ఉన్న రైతు, అతను కౌలుదారైతే మరీ, ఆగలేడు. మరునాడు పొద్దున్నే మంచు తడి ఆరకముందే కూలీలు చేలో ఉంటారు. నూగుకు దురద పుడుతుందని చేతులకు పాత గుడ్డలు చుట్టుకుంటారు. ఆ గుడ్డే మందు పీల్చుకుని పూటంతా చర్మానికి అంటుకుని ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దళిత శ్రామికుల్లో సగానికి దగ్గరగా వ్యవసాయ కూలీలే. ఆ తడి ఆకుల మధ్య వంగి నిలబడేది ఎక్కువగా మన వాడల ఆడవాళ్లు.

ఆకు మీది మందును కొలిచే పద్ధతి లేక కాదు. ఆకుల నుంచి గుండ్రటి బిళ్లలు కత్తిరించి, సబ్బులాంటి ద్రావణంలో కడిగి, చదరపు సెంటీమీటరుకు ఎంత మందు ఊడి వస్తుందో చూస్తారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో పారాథియాన్ కొట్టిన తోటల్లో పండ్లు కోసే కూలీలు విషానికి గురయ్యాకే దీని మీద శ్రద్ధ పెరిగింది. ఎండిన, దుమ్ము పట్టిన ఆకుల మీద పారాథియాన్ అంతకన్నా విషపూరితమైన పారాక్సాన్‌గా మారుతున్నట్టు అక్కడ తేలింది. ఇప్పుడు అమెరికాలో కోతకు ఆగాల్సిన రోజులు వేరు, కూలీ చేలోకి తిరిగి అడుగు పెట్టడానికి ఆగాల్సిన గంటలు వేరు. రెండూ లేబుల్ మీద ఉండాల్సిందే.

ఇక్కడ కూడా మడి అదే, కొట్టే మందు అదే, నమూనాకు వెళ్లే రోజులూ అవే. కాయలతో పాటు నాలుగు ఆకు బిళ్లలు తీయడానికి అదనంగా అయ్యే ఖర్చు కొంచెమే. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన విద్యార్థులు తమ థీసిస్ ప్రతిపాదనలో ఆ ఒక్క కాలమ్ చేర్చమని అడగవచ్చు. కూలీ సంఘాలు లేబుల్ మీద రెండో అంకె అడగడానికి అప్పుడు చేతిలో లెక్క ఉంటుంది.