పవర్ మోడ్ బటన్ నొక్కితే బండికి బలం పెరుగుతుందా?

తెలంగాణ, రాయలసీమ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి స్టీరింగ్ పట్టిన వారిలో చాలామంది క్లచ్, గేర్ రాడ్‌తో బండి నేర్చుకున్నవారే. అక్కడికి వెళ్లాక కంపెనీ చేతికిచ్చే ట్రైలర్‌కో, పికప్‌కో క్లచ్ ఉండదు. గేర్ లివర్ మీదో, డ్యాష్‌బోర్డు మీదో ఒక చిన్న బటన్ మాత్రం ఉంటుంది. అదే పవర్ మోడ్. "అది నొక్కితే బండికి ఫుల్ తాకత్ వస్తది భాయ్" అని పాతవాళ్లు చెప్తారు. కొత్తవాళ్లు నమ్మి పొద్దున నొక్కి సాయంత్రం దాకా అలాగే వదిలేస్తారు. డీజిల్ లెక్క వచ్చినప్పుడు యజమానికి జవాబు చెప్పుకోలేరు.

అసలు ఆ బటన్ ఏం చేస్తుంది?

పవర్ మోడ్ వల్ల ఇంజన్ హార్స్ పవర్ పెరగదు. మారేది గేర్ ఎప్పుడు వేయాలన్న కంప్యూటర్ నిర్ణయమే. మామూలుగా నడిచేటప్పుడు డీజిల్ మిగలాలని కంప్యూటర్ తొందరగా పై గేర్ వేసేస్తుంది. నేటి పెద్ద లారీ ఇంజన్లలో లాగే శక్తి, అంటే టార్క్, సుమారు 1000 నుంచి 1400 ఆర్‌పీఎం మధ్య గట్టిగా ఉంటుంది. పూర్తి హార్స్ పవర్ రావాలంటే మాత్రం ఇంజన్ దాదాపు 1600 నుంచి 1900 దాకా తిరగాలి. పవర్ మోడ్ వేస్తే కంప్యూటర్ కింది గేర్‌ను ఎక్కువసేపు పట్టి ఉంచి, ఇంజన్‌ను ఆ వేగం దాకా తిరగనిస్తుంది. చాలా బండ్లలో యాక్సిలరేటర్ కూడా చురుగ్గా పనిచేస్తుంది.

బియ్యం బస్తా మోస్తూ మెట్లెక్కే మనిషి పెద్ద అంగలు వేయడు, చిన్న అడుగులు వడివడిగా వేస్తాడు. అతని బలం అదే, వాడుకునే తీరు మారుతుంది. పవర్ మోడ్ కూడా అంతే.

పేర్లు వేరు, పని ఒకటే

వోల్వో 2001లో తెచ్చిన 12 గేర్ల ఐ-షిఫ్ట్‌లో లోపల ఉన్నది క్లచ్, గేర్‌బాక్సే. వాటిని కాలికి, చేతికి బదులు కంప్యూటర్ నడిపిస్తుంది. పాత మోడళ్లలో లివర్ మీద 'ఈ', 'పీ' అని ఉంటుంది. ఈ అంటే ఎకానమీ, పీ అంటే పర్ఫార్మెన్స్. గల్ఫ్‌లో ఎక్కడ చూసినా కనిపించే టయోటా హైలక్స్‌లో ఎకో, పవర్ అని రెండు బటన్లు ఉంటాయి. ఎకో వేస్తే అది ఏసీ పనిని కూడా కొంత తగ్గిస్తుంది. ఎండలో క్యాబిన్ చల్లబడడం లేదని పవర్ నొక్కాల్సిన పని లేదు. ఎకో ఆపి మామూలు మోడ్‌లోకి వస్తే చాలు.

చెత్త లారీలు, ఫైర్ ఇంజన్లు, బస్సుల్లో వాడే ఆలిసన్ గేర్‌బాక్స్‌ల మీద 'మోడ్' అనే బటన్ ఉంటుంది. అది ఏం చేయాలన్నది బండి తయారీదారు పెట్టించుకున్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే బండి మారినప్పుడల్లా మాన్యువల్‌లో ఆ పేజీ ఒకసారి చదవాలి, లేదా వర్క్‌షాప్‌లో అడగాలి.

ఎప్పుడు వేయాలి, ఎప్పుడు తీయాలి

నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇది నిజంగా పనికొస్తుంది. సౌదీలో తాయిఫ్, అబహా కొండదారులైనా, మన శ్రీశైలం ఘాట్ అయినా మామూలు మోడ్‌లో బండి పై గేర్‌కు పోయి, లాగలేక మళ్లీ కిందికి వస్తుంటుంది. ఇలా మాటిమాటికీ మారితే ఊపు పోతుంది, గేర్‌బాక్స్ వేడెక్కుతుంది. పవర్ మోడ్‌లో ఒకే గేర్ నిలబడుతుంది. ఎత్తు మొదలయ్యే ముందే వేసుకుని, పైకి చేరగానే తీసేయాలి. కొన్ని బండ్లలో కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది కానీ అన్నింటిలో కాదు. మీటర్ మీద గుర్తు చూసుకోవాలి.

ఓవర్‌టేక్ కోసమైతే బటన్ అవసరం లేదు. చాలా బండ్లలో యాక్సిలరేటర్‌ను పూర్తిగా కిందికి తొక్కితే గేర్ దానంతట అదే తగ్గుతుంది. సమతలంగా ఉండే హైవే మీద, ఖాళీ బండితో పవర్ మోడ్ వేస్తే మిగిలేది ఇంజన్ మోత, డీజిల్ ఖర్చే. ఇసుకలో టైరు కూరుకుపోతే అసలు వేయొద్దు. చురుకైన యాక్సిలరేటర్‌తో చక్రం గిర్రున తిరిగి ఇంకా లోతుకు దిగుతుంది. అక్కడ కావాల్సింది మెల్లగా తొక్కే పాదం.

దిగేటప్పుడే అసలు ప్రమాదం

పవర్ మోడ్ ఉంది కదా, బండి కంట్రోల్‌లోనే ఉంటుందని దిగుడులో ధైర్యం చేసేవారు ఉన్నారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. పవర్ మోడ్ బ్రేక్ కాదు. నిండు లోడుతో పొడవైన దిగుడులో ఫుట్ బ్రేక్ తొక్కుతూనే ఉంటే డ్రమ్ములు కాలిపోయి పట్టు జారుతుంది. ఆ తర్వాత ఎంత తొక్కినా బండి ఆగదు.

దిగుడు మొదలయ్యే ముందే వేగం తగ్గించి, లివర్‌ను మాన్యువల్‌లో పెట్టి, కింది గేర్ ఎంచుకోవాలి. ఎగ్జాస్ట్ బ్రేక్ లేదా రిటార్డర్ ఉంటే వేసుకోవాలి. ఇంజన్ ఎంత ఎక్కువ తిరిగితే ఇంజన్ బ్రేక్ అంత గట్టిగా పట్టుకుంటుంది, కానీ ముల్లు ఎర్ర గీత దాటనివ్వొద్దు. ఫుట్ బ్రేక్‌ను ఊరికే ఆనించి ఉంచకుండా, వేగం పెరిగినప్పుడు గట్టిగా తొక్కి వదలాలి.

ఎక్కిన గేర్‌లోనే దిగాలని ఘాట్ రోడ్ల డ్రైవర్లు చెప్పే మాట ఆటోమేటిక్ బండికీ వర్తిస్తుంది. నేటి బండ్లు ఎత్తును సులువుగా ఎక్కేస్తాయి కాబట్టి, దిగేటప్పుడు ఇంకో గేర్ తగ్గించుకోవడమే మేలు.