విడదీతకు అనువైన కారు రూపకల్పన

కాలం చెల్లిన కారు భాగాలను సులభంగా వేరుచేయడానికి వీలుగా దానిని తయారీ దశలోనే రూపొందించడాన్ని విడదీతకు అనువైన రూపకల్పన అంటారు. తుక్కు ఉక్కులో రాగి కలవకుండా చూడటం దీని ముఖ్యోద్దేశాలలో ఒకటి.

కారును యంత్రంలో తునకలు చేసినపుడు తీగలలో, మోటార్లలో ఉన్న రాగి కొంత ఉక్కుతో పాటే కొలిమికి చేరుతుంది. ఇనుము కంటే రాగి తక్కువగా ఆక్సీకరణ చెందుతుంది కనుక ఉక్కును శుద్ధి చేసినా అది తొలగదు. రాగి ఎక్కువైన ఉక్కును కాల్చి సాగదీసేటపుడు ఉపరితలం పగులుతుంది. అందువలన అది తిరిగి కారు రేకుకు పనికిరాక, ఎక్కువగా నిర్మాణపు కడ్డీలుగా మారుతుంది. తీగల కట్టలను ముందే ఊడలాగడానికి వీలుగా బిగిస్తే ఈ నష్టం తగ్గుతుంది.

భారతదేశంలో 2025 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన నియమాలు పాత వాహనాల ఉక్కును తిరిగి వినియోగంలోకి తెచ్చే బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. అయితే సంగారెడ్డి జిల్లా జహీరాబాదులో మహీంద్రా సంస్థ తయారుచేసే వ్యవసాయ ట్రాక్టర్ల వంటివాటికి ఇవి వర్తించవు.