ఊపిరితిత్తుల నీడలు

సైదాబాదులో మూడవ అంతస్తున కాపురముండు నొక యిల్లాలిని తలచుకొనుడు. 2021వ సంవత్సరపు వేసవిలో ఆమెకు కరోనా సోకినది. పదిదినములు ఆసుపత్రిలో ప్రాణవాయువుతో గడిపి యిల్లు చేరినది. జ్వరము పోయెను, దగ్గు తగ్గెను. కాని మాదన్నపేట మండీనుండి కూరలసంచితో వచ్చి మెట్లెక్కునపుడు నడుమ రెండుమారులు నిలువవలసి వచ్చెడిది. “నీరసము, అదే పోవును” అని యెవరితోను చెప్పలేదు. ఇట్టి యిల్లాండ్రు మన వీథులలో నెందరో కలరు. వారికొరకే యీ నాలుగు మాటలు.

తెలంగాణమున మొదటి కరోనా రోగిని 2020 మార్చి 2వ తేదీన గుర్తించిరి. ఆ దినములలో సికిందరాబాదు గాంధీ ఆసుపత్రి యీ వ్యాధికే ప్రత్యేకింపబడినది. మరుసటి వేసవిలో వ్యాధి మరల విజృంభించినపుడు “స్కానులో 25కు ఎన్ని వచ్చెను?” అను ప్రశ్న యింటింట వినబడెను. ఊపిరితిత్తుల యైదు భాగములకు, భాగమునకు 5 చొప్పున వేసిన లెక్కయే అది. ఆనాడు వ్యాధి యెంత మేర వ్యాపించినదో తెలుపునే గాని, అది జీవితాంతము నిలుచు తీర్పు కాదు.

1895లో జర్మనీ శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొని తన భార్య చేతి యెముకలను చిత్రించెను. 1971లో హౌన్స్‌ఫీల్డు సీటీ యంత్రముతో ఇంగ్లాండున తొలిసారి యొక రోగి మెదడును చిత్రించిరి. ఎక్స్‌రే ఛాతీనంతను ఒకే నీడగా చూపును. సీటీయో, దోసకాయను చక్రములుగా తరిగినట్లు పొరపొరలుగా చూపును.

గాలి నిండిన ఊపిరితిత్తి చిత్రమున నల్లగా నుండును. వైరసువలన వాచినచోట ఆవిరి పట్టిన అద్దమువలె తెల్లని మసక కానవచ్చును. వాపు తీసినకొలది ఆ మసక కరగును. కొందరికి మాత్రము మచ్చకట్టి గీతలు నిలుచును. దీనినే వైద్యులు ఫైబ్రోసిస్ అందురు. కరగిపోవు మసకయా, నిలిచిపోవు మచ్చయా యన్నది ఒక్క చిత్రముతో తేలుట కష్టము. కొంతకాలము గడచిన పిదప మరియొకటి తీసి, రెంటిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చవలెను.

2003లో సార్సు వ్యాధి సోకిన బీజింగు ఆసుపత్రి సిబ్బందిని 2018 వరకు, అనగా 15 ఏండ్లు, ఇట్లు గమనించిరి. మార్పులు మొదటి సంవత్సరములోనే చాలవరకు తగ్గి, పిమ్మట నంతగా మారలేదు. వూహాను నగరమున తీవ్రమైన కరోనానుండి కోలుకొన్న 83 మందిని ఏడాది పరిశీలింపగా, నూటికి 24 మందికి మాత్రమే చిత్రమున మార్పులు మిగిలెను. కావున మొదటి చిత్రము చూచి దిగులుపడ నక్కరలేదు; అట్లని ఆయాసమును ఉపేక్షింపను రాదు.

తీవ్రముగా జబ్బుపడినవారికి మూడు నెలలకు ముందుగా ఎక్స్‌రే తీయుదురు. అందు మార్పున్నను, ఆయాసము వీడకున్నను, ఊపిరిబలమును కొలిచి, అవసరమైనచో సీటీ తీయుదురు. ఇంటనే స్వల్పముగా కోలుకొని సుఖముగా నున్నవారికి ఈ చిత్రములతో పనిలేదు. మామూలు ఛాతీ సీటీ ఒక్కదానితో పదులకొలది ఎక్స్‌రేలకు సమానమగు కిరణములు దేహమున పడును. కనుక వైద్యుడు చెప్పనిదే మాటిమాటికి తీయించుకొనరాదు. గర్భవతులు ఆ సంగతి ముందే తెలుపవలెను.

చిత్రము బాగున్నంతమాత్రమున ఆయాసము కల్ల యని యెవరైన అన్నచో నమ్మకుడు. రక్తహీనతయు, గుండెజబ్బును, కండరముల బలహీనతయు ఆయాసమునకు కారణములు కావచ్చును. మన స్త్రీలలో రక్తహీనత యెంత సామాన్యమో మీ రెరుగుదురు.

పాత ఫిల్ములను, కాగితములను తేదీలతో పెట్టెలో భద్రపరచుడు. పాతచిత్రము లేనిదే క్రొత్తచిత్రమునకు పోలిక లేదు. ఎన్నవ మెట్టుకడ ఊపిరి యాడలేదో గుర్తుంచుకొని వైద్యునితో చెప్పుడు. ఇంటిల్లిపాదికిని పథ్యపానములు చూచు మనము, మన ఊపిరిసంగతి మనమే దాచుకొనుట తగునా?