పాఠశాల ఎరువుగుంట

“బిడ్డను బడికి పంపినది అక్షరములు నేర్చుటకు గాని పేడ మోయుటకు కాదు” అను మాట, పరిసరముల శుభ్రతకై పాఠశాలలో పని ఆరంభించిన ప్రతి పల్లెలోను వినబడుచున్నది. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. తాను ఎండలో పడిన పాటు బిడ్డకు వలదని తండ్రి కోరుట సహజమే. అయినను ప్రాథమిక పాఠశాలలో చెత్తను వేరుపరచుట, దానిని ఎరువుగా మార్చుట, ఆ ఎరువుతో కూరలు పండించుట అనునది ఎట్లు జరుగునో, ఎక్కడ చెడునో తెలిసినపిమ్మటగాని అది చదువో కాదో నిర్ణయింపజాలము. పూతలపట్టు పరిసరముల సంఘసభ్యులు ఆ విషయమును తామే తూచి చూచుకొనుటకై ఈ సంగతులు వ్రాయుచున్నాను.

పాఠశాలలో చెత్త ఎక్కడిదని కొందరు అడుగుదురు. ఏబదిమంది పిల్లలున్న చిన్న బడినే తీసికొందము. ఉదయమున ఊడ్చిన వేపాకు, కానుగాకు, మధ్యాహ్న భోజనమునకు తరిగిన కూరల తొక్కలు, విస్తరిలో మిగిలిన కరివేపాకు, మునగకాయ పిప్పి, గ్రుడ్డు పెట్టిన దినమున ఏబది గ్రుడ్ల పెంకులు, అనగా పావుకిలో పైచిలుకు సున్నపు పదార్థము, చినిగిన కాగితములు, వీనితోపాటు అంగడి తినుబండారముల ప్లాస్టికు సంచులు. ఇక కంచములు కడుగు నీరు, పిల్లవానికి రెండు లీటర్లు చొప్పున లెక్కించినను దినమునకు నూరు లీటర్లు. ఈ నీరు వాకిట గుంటలో నిలిచి దోమలను పెంచుచుండగా, పది గజముల దూరమున బొప్పాయి మొక్క నీరులేక ఎండుచుండును. పనియంతయు ఈ రెంటిని కలుపుటయందే యున్నది.

ఇది క్రొత్తగా పుట్టిన తలంపు కాదు. 1937లో వార్ధాలో గాంధీగారి ఆధ్వర్యమున జరిగిన విద్యాసభ చేతిపని ద్వారా చదువు చెప్పవలెనని నిర్ణయించెను. 1991లో సుప్రీముకోర్టు పరిసరముల రక్షణను విద్యలో భాగము చేయవలెనని తీర్పు చెప్పెను. 2001-02లో కేంద్రప్రభుత్వము పాఠశాలలలో హరితదళములను ఏర్పరచు పథకము నారంభించెను. ఆజ్ఞలకు కొదువలేదు. కొదువ యున్నది పేడకును, నీటికిని, వేసవిలో కనిపెట్టి చూచు మనిషికిని.

ఎరువుగుంట సంగతికి వత్తము. ఆల్బర్టు హోవర్డు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1924 మొదలు 1931 వరకు ఇండోరు నగరమునందలి పరిశోధనాలయమున, యశ్వంత్ వాడ్ అను తన సహాయకునితో కూడి, పొలపు చెత్తను మూడు మాసములలో ఎరువు చేయు పద్ధతిని సిద్ధపరచెను. దానినే ఇండోరు పద్ధతి యందురు. చెత్త, పేడ, పశువుల మూత్రము నానిన మన్ను, కట్టెబూడిద పొరలు పొరలుగా పరచి, తడిపి, రెండువారములకు ఒకసారియు, నెలకు ఒకసారియు, రెండునెలలకు ఒకసారియు తిరుగవేయుదురు. ఆచార్య అను మన దేశపు శాస్త్రజ్ఞుడు అటుపిమ్మట బెంగుళూరులో సిద్ధపరచిన పద్ధతిలో తిరుగవేయు పని లేదు. గుంటను మట్టితో మెత్తి యుంచిన అయిదారు మాసములలో ఎరువగును. బడి పిల్లలకు ఇండోరు పద్ధతియే మేలని నా యభిప్రాయము. తిరుగవేసిన ప్రతిసారియు లోపల నేమి జరిగినదో వారు కంటితో చూతురు. మూసిపెట్టిన గుంట ఏమియు నేర్పదు.

లోపల జరుగునది ఇది. కంటికి కనబడని సూక్ష్మజీవులు చెత్తను తినును. వానికి కర్బనము ఆహారము, నత్రజని శరీరపుష్టి. ముప్పది పాళ్లు కర్బనమునకు ఒక పాలు నత్రజని యున్నయెడల పని చురుకుగా సాగును. ఎండాకు, వరిగడ్డి, చెరకుచెత్త వీనిలో కర్బనము మిక్కుటము, నత్రజని స్వల్పము. పేడ, పచ్చిరొట్ట, కూరల తొక్కలు దీనికి విరుద్ధము. కావుననే ఒక్క చెరకుచెత్తను కుప్పవేసిన ఏడాదికిని చివుకదు. ఒక్క అన్నపు మెతుకులను కుప్పవేసిన మూడవనాటికే దుర్గంధము కొట్టును. గాలియు, తడియు గూడ సమముగా నుండవలెను. పిడికిట బిగించిన చెత్తనుండి ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలినచో తడి సరిపోయినదని గుర్తు. కుప్ప సరిగా పండినప్పుడు లోపలి వేడి 55 నుండి 65 డిగ్రీల వరకు పోవును. కలుపువిత్తులు ఆ వేడికి చచ్చును. ఇనుపకమ్మిని కుప్పలో గ్రుచ్చి కొంతసేపు ఉంచి తీసి పట్టుకొని చూడుమనిన నాలుగవ తరగతి పిల్లవానికి ఈ పాఠము మరల చెప్ప నక్కరలేదు.

చిన్నపిల్లలు తిరుగు చోట లోతుగుంట కూడదు. పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, రెండడుగుల లోతు చాలును. నేలపైన మరియొక అడుగు ఎత్తు పేర్చవచ్చును. చుట్టును కంచె వేయవలెను. ఇట్టివి రెండుండిన ఒకటి పండుచుండగా రెండవది నింపవచ్చును. మన ప్రాంతమున వేప, కానుగ మొదలగు చెట్లు ఆకు రాల్చునది మాఘ ఫాల్గుణములలో. ఆ యాకును తగులబెట్టక ఒక మూల తడికెలు కట్టి నిలువచేసిన, జూనులో బడి తెరచిన నాటినుండి తడి చెత్తపై చల్లుటకు ఏడాది పొడవున పనికివచ్చును. మామిడాకు మందము, మెరుపు గలది. దానిని త్రొక్కించి పేడనీట నానవేయనిదే చివుకదు. వేరుసెనగ పొట్టు మిక్కిలి ఆలస్యముగా చివుకును గాన కొంచెముగా వేయవలెను. వేరుసెనగ కట్టెను మాత్రము గుంటలో వేయుమని ఎవరైన చెప్పిన వినకుడు. అది పశువుల నోటిలోనిది. గ్రుడ్డు పెంకులను ఎండబెట్టి పొడిచేసి వేయవలెను.

ఒక పాఠశాలలో నేను చూచిన గుంట ఊరివారందరి చేతను శాపనార్థములు పొందెను. ఈగలు, వాసన, దానిపై ఎలుకలు, ఎలుకలకై వచ్చిన పాము. కారణము అరగంటలో తెలిసినది. వండిన అన్నము, సాంబారు మాత్రమే అందులో పడుచుండెను; ఎండాకును వేరుగా ఊడ్చి ప్రతిదినము తగులబెట్టుచుండిరి. మందు ప్రక్కనే యుండగా రోగము ముదిరినది. వండిన పదార్థము మిగిలిన ముందు పశువునకు వేయవలెను. గుంటలో పడిన ప్రతి తట్ట తడిచెత్తపైనను రెండు తట్టల ఎండాకును, పిడికెడు మన్నును కప్పవలెను. అంతకన్న ముందు పిల్లలు విస్తరిలో మిగుల్చుట తగ్గవలెను, అది వేరు సంగతి.

ఇక ఫలమెంత? గొప్పలు చెప్పను. పైన చెప్పిన గుంట నూట ఏబది ఘనపుటడుగులు పట్టును. పండునప్పటికి సగమునకు తక్కువగా క్రుంగి సుమారు ఒక టన్ను ఎరువు దిగును. అందులో నత్రజని అయిదు మొదలు పది కిలోల వరకు ఉండును. నలుబది అయిదు కిలోల యూరియా మూటలో ఇరువది కిలోలకు పైగా నత్రజని యున్నది గావున, మన గుంట అర మూట యూరియాకు మించదు. దీనినే చూచి నవ్వువారు నవ్వుదురు. కాని యూరియా మన ఎర్రనేలకు తడిని పట్టి యుంచు శక్తి నీయదు. సేంద్రియ కర్బనము నూటికి అరపాలు లోపుగా నున్న నేలను పరీక్షాలయమువారు తక్కువ తరగతిగా నెంచుదురు. మన మెట్టనేలలు పెక్కు ఈ తరగతివే. ఎకరమునకు అయిదు టన్నుల లెక్కన అయిదు సెంట్ల పాఠశాల తోటకు పావుటన్ను చాలును. మిగిలిన ముప్పావు టన్ను పేడ ఇచ్చిన వారికి చెందవలెను. ఈ న్యాయము ముందే మాటలాడుకొనిన, పేడ అడుగుటకు ప్రధానోపాధ్యాయుడు ఇంటింటికి తిరుగ నక్కరయుండదు.

చివుకని చెత్తను గూర్చి కొంచెము విరివిగా వ్రాయవలసియున్నది. ప్లాస్టికు సంచిలో కూరతొక్కలు మూటగట్టి పారవేసిన, ఆవు సంచితో కూడ మ్రింగును. అది అరుగదు, వెలికి రాదు. కడుపులో ముడిపడి పెరుగును. మేత తినినను పశువు చిక్కిపోవును, పాలు తగ్గును, కడకు చచ్చును. మన రాయలసీమలోనే పుట్టపర్తియందలి కరుణా సొసైటీ వారు ఇట్టి పశువులకు శస్త్రచికిత్స చేయించి కడుపులనుండి కిలోలకొలది ప్లాస్టికును తీయించిరి. 2012లో ఈ విషయమై సుప్రీముకోర్టునకు అర్జీ పెట్టిరి. ఒకసారి మాత్రమే వాడి పారవేయు ప్లాస్టికు గిన్నెలు, చెంచాలు మొదలగు వానిని 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధించిరి. అయినను సంత ముగిసిన చోట నేలను చూచిన నిషేధము ఎంతవరకు దిగివచ్చినదో తెలియును.

పాఠశాలలో ఈ ప్లాస్టికుతో నేమి చేయవలెను? సీసాలను కత్తిరించి పువ్వులు, బొమ్మలు చేయించి గోడకు వ్రేలాడగట్టుట పలుచోట్ల చూచుచున్నాము. పిల్లల చేతికి నేర్పు వచ్చునేమో గాని చెత్త తరుగదు. ఎండలో ఆ సీసా పెళుసుబారి ముక్కలై నేలలో కలియును. చెత్త నాడు లేక మరునాడు చేరవలసిన చోటికి రెండేండ్లు ఆలస్యముగా చేరునంతే. అంతకన్న కడిగి, ఆరబెట్టి, గోతములో నిలువచేసి పాతసామానుల వానికి అమ్ముట మేలు. సీసా అడుగున త్రికోణపు గుర్తులో నొక అంకె యుండును. ఒకటి యన్నది నీటి సీసా జాతి, రెండు పాల డబ్బా జాతి, అయిదు గట్టి గిన్నెల జాతి. పిల్లలు ఈ యంకెలనుబట్టి వేరుపరచిన కొనువాడు ఎక్కువ వెల ఇచ్చును. తూకము వేయుట, రొక్కము లెక్కవ్రాయుట గణితపాఠమే గదా. గడచిన ఏటి నోటుపుస్తకములలో వ్రాయని కాగితములను చించి దారముతో కుట్టి చిత్తుపుస్తకములు చేయుట నేను చదివిన మిషను బడిలో ఏటేట జరిగెడిది. దానికి ఖర్చు సూదియు దారమును.

రెండు వస్తువులను మాత్రము పాఠశాల గడప దాటనీయకుడు. పురుగుమందుల సీసాలు ఎంత కడిగినను పిల్లల చేతికి తగవు. పాత గొట్టపు ముక్కలను ఇతర చెత్తతో కలిపి కాల్చరాదు. ఆ జాతి ప్లాస్టికులో క్లోరిను గలదు, దాని పొగ మిక్కిలి విషము. బిందుసేద్యపు పాత నల్లగొట్టములను, టమాట మళ్లలో పరచిన మల్చింగు కాగితమును రైతులే ఏరి పాతసామానుల వానికి వేయుదురుగాక. పిల్లలు బడిలో ఒక కాగితపు ముక్కను ఏరుచుండగా తండ్రి పొలములో ఎకరమునకు సరిపడు ప్లాస్టికును దున్నివేసిన, బిడ్డ నేర్చునది తండ్రివద్దనే.

మన జిల్లాలో ఇట్టి పని నిలిచిన చోటు లేదా యనిన, పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లె దాపున ఋషివ్యాలీ యున్నది. అచ్చటివారు బోడికొండ వాలులపై చెట్లు పెంచి, నీరు ఇంకుటకు చెరువు కట్టిరి. 1980 దశకము నుండి చుట్టుపట్ల పల్లెలలో చిన్న బడులు పెట్టి, ప్రతి బడిచుట్టును చెట్లను, కూరమొక్కలను పెంచుట చదువులో భాగముగా చేసిరి. మనకంటె వాన తక్కువైన సీమ అది. అచ్చట చెట్లు నిలుచుటకు కారణము పిల్లల ఉత్సాహ మొక్కటియే కాదు. సెలవులలోను కనిపెట్టు పెద్దలుండుట.

మరియొక సంగతి దాచక చెప్పవలెను. గుంటలో పేడ కలుపుట, ఊడ్చుట అను పనులు ఏ కులమువారి పిల్లలకు పడుచున్నవి? వీరు కూరలు కోయుటకు, వారు చెత్త ఎత్తుటకు అని ఏర్పడిన నాడు ఆ పని చదువు కాదు, పాత వెట్టియే. జపానుదేశమున పిల్లలందరును వంతులవారిగా తమ తరగతులను ఊడ్చుకొందురు. వంతుల పట్టిక గోడపై వ్రాసి, హాజరుపట్టీ వరుసనే పేర్లు నడిపిన చాలును. ఉపాధ్యాయుని పేరు గూడ ఆ పట్టికలో నుండవలెను. పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుట తప్పదు.

మొదట అడిగిన ప్రశ్నకు, బిడ్డ పేడ మోసినందుకు గాక, ఎందుకు వేడెక్కినది, ఎన్ని కిలోలు దిగినది, మడిలో ఎంత పండినది అని వ్రాసికొనినందున అది చదువగుచున్నది. వ్రాతలేనిచోట ఆ తండ్రి మాటయే సరి.

వేసవిని గూర్చి ఒక్కమాట. ఏప్రిలు కడపట బడి మూసి జూను రెండవ వారమున తెరతురు. ఆ ఏడు వారములలోనే తోట చచ్చును. ముప్పది మొక్కలకు రెండు దినముల కొకసారి మొక్కకు ఒక బిందె చొప్పున ముప్పది బిందెలు కావలెను. బడికి దగ్గర ఇండ్లున్న ఏడుగురు సభ్యులు వారమునకొకరు వంతు పట్టిన తోట బ్రదుకును. మొక్క మొదట చెరకుచెత్త నాలుగంగుళముల మందమున కప్పిన తడి త్వరగా ఆరదు. ఆ చెత్తను పొలములో కాల్చక ముందే, కోత ముగిసిన వారములో, రెండు బండ్లు బడికి తోలవలెను. పేడ మాత్రము జూను మొదటివారమున, వానకు ముందు చేరవలెను. గుంటకు నాలుగు తట్టలు పొరకొకసారి, ఆరు పొరలకు ఇరువది నాలుగు తట్టలు.